ప్రశ్నార్థకంలో ఇమడని పేరు

విద్యార్థుల రిపోర్టులో ఏ వివరాలు కనిపించాలో వాడేవాళ్లే ఎంచుకునేలా ప్రోగ్రాం రాశారట ఒక పాఠకుడు. డేటాబేస్‌కు పంపే ప్రశ్నలో విలువల దగ్గర ప్రశ్నార్థకం గుర్తు పెట్టినట్టే కాలమ్ పేరు దగ్గరా పెట్టారు. ఎర్రర్ రాలేదు. తీరా రిపోర్టు తీస్తే ప్రతి వరుసలోనూ 72, 58 లాంటి అంకెలకు బదులు ‘మార్కులు’ అన్న మాటే అచ్చయింది. ఎందుకని అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెల వేరే విషయం జోలికి వెళ్లబుద్ధి కాలేదు.

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. డేటా అంతా పట్టికల్లో ఉంటుంది, ఏం కావాలో మనం చెబితే చాలు, ఎలా తేవాలన్నది డేటాబేస్ చూసుకుంటుంది. మనం అలా చెప్పే భాషే ఎస్‌క్యూఎల్. అసలు అందమంతా ఆ ‘ఎలా తేవాలి’ దగ్గరే ఉంది.

ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్న, అంటే క్వెరీ, అందగానే డేటాబేస్ దాన్ని ముక్కలు చేసి, అందులోని ప్రతి పేరునూ తన కేటలాగ్‌లో వెతుకుతుంది. ఈ పట్టిక ఉందా? ఈ కాలమ్ ఉందా? అందులో ఉండేది అంకెలా, అక్షరాలా? ఇవన్నీ తేలాకే ప్లాన్ వేస్తుంది. ఒకే జవాబుకు ఎన్నో దారులుంటాయి. ఒక్కొక్కదానికి అయ్యే ఖర్చును అంచనా కట్టి చౌకదాన్ని ఎంచుకునే పద్ధతిని పాట్రీషియా సెలింజర్ బృందం 1979లో ప్రకటించింది. నేటి డేటాబేస్‌లు చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి.

ఆ లెక్కలో కాలమ్ పేర్లది పెద్ద పాత్ర. రోల్ నంబరు, మార్కులు మాత్రమే అడిగారనుకోండి. ఆ రెండూ ఒకే ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి వేరుగా ఉంచే సూచికలో) ఉంటే అసలు పట్టికను దాదాపు ముట్టుకోకుండానే పని అయిపోవచ్చు. దానికి చిరునామా జతచేయండి, ప్రతి వరుస కోసం పట్టిక దాకా వెళ్లాల్సిందే. మార్కులు 35 దాటినవాళ్లా, 60 దాటినవాళ్లా అన్నదాన్ని బట్టి కూడా దారి మారవచ్చు, నిజమే. కానీ ఆ అంకె తెలియకపోయినా పనికొచ్చే ప్లాన్ ఒకటి వేయగలం. కాలమ్ పేరే తెలియకపోతే ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఉప్పెంత అన్నది వంట మధ్యలో తేల్చుకోవచ్చు, పప్పా పులుసా అన్నది పొయ్యి వెలిగించకముందే తేలాలి.

ప్రశ్నార్థకం కేవలం విలువకు కేటాయించిన చోటు. పేర్ల వెతుకులాటలో దానికి భాగం లేదు. అందులోకి ఏం వచ్చినా డేటాబేస్‌కు అది ఉత్త డేటాయే. ‘మార్కులు’ అని పంపితే దాన్ని స్థిరమైన పాఠంగానే తీసుకుని, వరుసకొకసారి దించేస్తుంది. వరుసక్రమం చెప్పే ఆర్డర్ బై దగ్గర ఇదే పొరపాటు జరిగితే ఇంకా ప్రమాదం. అన్ని వరుసలకూ ఒకే మాట కాబట్టి చాలా డేటాబేస్‌లలో క్రమం మారదు, ఎర్రరూ రాదు. రిపోర్టు చూడ్డానికి బాగానే ఉంటుంది.

దీంతో విసుగెత్తి చాలామంది, వాడేవారు పంపిన పేరును నేరుగా క్వెరీలో అతికించేస్తారు. అలా అతికిస్తే ఏమవుతుందో భద్రతా పరిశోధకుడు జెఫ్ ఫోరిస్టాల్ 1998లోనే హ్యాకర్ల పత్రిక ఫ్రాక్‌లో మారుపేరుతో రాశాడు. అతికించిన పాఠం పేర్ల వెతుకులాటకు ముందే క్వెరీలో కలిసిపోతుంది, అందులో ఆజ్ఞ ఉంటే అదీ అమలు కావచ్చు. ప్రశ్నార్థకం మనల్ని కాపాడేది సరిగ్గా దీన్నుంచే. పేరును తీసుకోనని అది మొండికేయడం ఆ రక్షణలో భాగమే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు ఈ తేడాను తమ ఫార్మాట్ ఫంక్షన్‌లోనే పెట్టారు: పేరుకు ఒక గుర్తు, విలువకు వేరే గుర్తు. నాకు అది ఎంతో నచ్చిన ఏర్పాటు.

ఇక చేయాల్సింది చిన్న పని. అనుమతించిన కాలమ్‌ల జాబితా ప్రోగ్రాంలోనే ఉంచండి. వాడేవారి టిక్కుల నుంచి ఆ జాబితాలోని స్థానం మాత్రం తీసుకుని, పేరును మీ జాబితాలోంచి క్వెరీలో పెట్టండి. 12 కాలమ్‌లుంటే 4,095 రకాల ఎంపికలు సాధ్యమే, కొత్త ఎంపికకు కొత్త ప్లానూ కావాలి. ఇలాంటి సాదా క్వెరీకి ఆ ఖర్చు స్వల్పం. దానికి భయపడి అన్ని కాలమ్‌లూ తెచ్చేసి, అక్కర్లేనివి తెరమీద దాచేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఇండెక్స్‌తో కలిసొచ్చే లాభం పోతుంది, పిల్లల ఫోన్ నంబర్లు అవసరం లేని కంప్యూటర్లకూ చేరిపోతాయి.