విండోస్ పక్కన తేలికపాటి లినక్సు స్థాపన

విండోస్ ఉన్న కంప్యూటరులోనే, దానిని తొలగించకుండా, తక్కువ మెమరీతో పనిచేయగల లినక్సును కూడా స్థాపించుకొనే పద్ధతిని డ్యూయల్ బూట్ అంటారు. కంప్యూటరును ప్రారంభించగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము ఒక పట్టికను చూపి, రెండింటిలో ఏది కావలెనో ఎంచుకోమంటుంది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11ను మోయలేని పాత యంత్రాలకు ఈ పద్ధతి మరి కొన్నేళ్ళ ఆయుష్షునిస్తుంది.

విండోస్‌ను ఉంచుకోవలసిన కారణం

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వంటి ఊళ్ళలోని డీటీపీ కేంద్రాలలో శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు చాలాకాలం అనూ ఖతులతో పేజ్‌మేకరులో కూర్చబడినవి. పేజ్‌మేకరు చివరి కూర్పు 7.0 వెలువడినది 2001లో. ఈ ఖతులు యూనికోడును అనుసరించవు. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షర భాగాలను అమర్చినవి కావున, ఆ ఖతి లేనిచోట దస్త్రం తెరిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అటువంటి దస్త్రాలు ఉన్నవారు విండోస్‌ను తీసివేస్తే, తాము కూర్చిన తెలుగును తామే చదువలేని పరిస్థితి వస్తుంది.

లినక్సులో యూనికోడు తెలుగు చక్కగా పనిచేస్తుంది. ఐబస్ ద్వారా ఇన్‌స్క్రిప్టు, ఆపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులలో టైపు చేయవచ్చును. ఉచితంగా లభించే తెలుగు ఖతులలో ఒకటైన మండలి, దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరిట వెలసినది.

లినక్సు ఎంపిక

లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఆంటిఎక్స్, పప్పీ లినక్సు పాత యంత్రాలకు అనువైనవి. మింట్‌కు కనీసం 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు స్థలం కావలెను. సుఖంగా నడవాలంటే 4 జీబీ మెమరీ ఉండుట మేలు. లుబుంటు 2019 నుండి 32 బిట్ల కొత్త కూర్పులను విడుదల చేయుట లేదు.

ముందు జాగ్రత్తలు

అసలు ప్రమాదం లినక్సులో లేదు, డిస్కును విభజించే ఆ కొద్ది నిమిషాలలో ఉన్నది. పార్టిషను కుదించునప్పుడు దాని చివరన ఉన్న సమాచారం ముందుకు జరుపబడుతుంది. మధ్యలో కరెంటు పోతే దస్త్రాలు చెడిపోవచ్చును. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినది నర్సాపురం సమీపంలోనే. గాలివాన సూచన ఉన్న రోజున ఈ పని తలపెట్టరాదు. డెస్క్‌టాపుకు యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టరును నమ్ముకోరాదు, అది అందుకొనే లోపలే కొన్ని కంప్యూటర్లు ఆగిపోతాయి. లాప్‌టాపైతే బ్యాటరీ నిండుగా ఉండవలెను.

ముఖ్యమైన దస్త్రాలను ముందుగా వేరొక డిస్కులోనికి నకలు చేసి, అవి తెరుచుకొనుచున్నవో లేదో చూడవలెను. డీ డ్రైవులో దాచినది నకలుగా లెక్కకు రాదు, ఎందుకనగా అదీ అదే డిస్కులోని భాగమే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో ఒక నకలు వేరే ఊరిలో ఉంచుకొనుట అతిశయం కాదు.

స్థాపన

బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితంపై వ్రాసుకొనవలెను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపివేయవలెను; లేనిచో విండోస్ పూర్తిగా మూతపడదు, అప్పుడు లినక్సు నుండి ఆ పార్టిషనులో వ్రాస్తే సమాచారం పాడవుతుంది. సీ డ్రైవును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంటు తోనే కుదించి, ఖాళీ స్థలాన్ని ఖాళీగానే వదలవలెను. పాత ఎంబీఆర్ డిస్కులలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు. ఐదవది సృష్టించబోతే విండోస్ డిస్కును డైనమిక్‌గా మార్చుతానంటుంది. దానికి అంగీకరించరాదు, అంగీకరిస్తే లినక్సు స్థాపన చిక్కుల్లో పడుతుంది.

లినక్సును పెన్‌డ్రైవులో ఎక్కించి, ముందుగా స్థాపించకుండానే నడిపి, వైఫై, శబ్దం, ముద్రణ యంత్రం పనిచేయుచున్నవో పరీక్షించవచ్చును. విండోస్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఉంటే పెన్‌డ్రైవును కూడా అదే పద్ధతిలో ప్రారంభించవలెను. స్థాపన సమయంలో విండోస్ పక్కన స్థాపించు అనే అర్థమిచ్చే ఎంపికనే తీసుకోవలెను. డిస్కు మొత్తం చెరిపివేయు ఎంపిక దాని పక్కనే ఉంటుంది! ఈఎఫ్‌ఐ పార్టిషనును ఫార్మాటు చేయరాదు.

తరువాత ఎదురయ్యేవి

లినక్సు వాడి విండోస్‌కు వచ్చినప్పుడు గడియారం 5 గంటల 30 నిమిషాలు వెనుకబడవచ్చును. యంత్రపు గడియారాన్ని లినక్సు గ్రీనిచ్ కాలంగాను, విండోస్ స్థానిక కాలంగాను భావించుట దీనికి కారణం. లినక్సు అమరికలో స్థానిక కాలాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా నవీకరణ వలన అనేక డ్యూయల్ బూట్ యంత్రాలలో లినక్సు ప్రారంభం కాలేదు. కావున లినక్సు పెన్‌డ్రైవును చెరిపివేయక దాచుకొనవలెను.

లినక్సు వద్దనుకొన్నప్పుడు కూడా తొందర పనికిరాదు. ఎంబీఆర్ యంత్రాలలో ముందు విండోస్ బూట్‌ను పునరుద్ధరించి, ఆ తరువాతనే లినక్సు పార్టిషనును తొలగించవలెను. ఈ క్రమం తప్పితే గ్రబ్ సగంలో నిలిచిపోయి, విండోస్ చెక్కుచెదరక ఉన్నా తెరుచుకొనదు.