ఆరు సిలిండర్లు, ఒక బాటిల్ బోరు నీళ్లు

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుపోండి. విషయం మాత్రం నాకు బాగా తెలిసిందే. తెలిసి కూడా దెబ్బతిన్నాను కాబట్టే రాస్తున్నా.

మాది పల్నాడులో గురజాల. మా వైపు ఆరు సిలిండర్ల ఇంజన్ అంటే పెద్ద లారీల్లో ఉండే డీజిల్ ఇంజనే. పెట్రోల్ కారులో ఆరు సిలిండర్లు అంటే యూట్యూబ్‌లో చూడాల్సిందే. అలాంటిది, నేను ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో మా బాబాయ్ హైదరాబాద్ నుంచి ఒక సెకండ్ హ్యాండ్ వీ6 కారు వేసుకుని వచ్చాడు. కంపెనీ పేరు వద్దులెండి, తప్పు కారుది కాదు. నెల రోజులు ఊళ్లోనే ఉంటానన్నాడు. కారు కడగడం, టైర్లలో గాలి, బానెట్ ఎత్తి లెవెల్స్ చూడడం నా డ్యూటీ.

అసలు ఆరు ఎందుకు?

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ పని పూర్తవడానికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి. నాలుగు సిలిండర్లుంటే ప్రతి 180 డిగ్రీలకి ఒక పవర్ స్ట్రోక్ వస్తుంది. ఆరుంటే ప్రతి 120 డిగ్రీలకే వస్తుంది. ఒకటి ఆగేలోపు ఇంకోటి అందుకుంటుంది. అందుకే ఆ స్మూత్‌నెస్.

ఆరూ ఒకే వరుసలో ఉంటే ఇంకా బాగుంటుంది. 1-6, 2-5, 3-4 జతలుగా కదులుతాయి, ఒకదాని కుదుపుని ఇంకోటి కొట్టేస్తుంది. మామూలుగా ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. మన భాషలో చెప్పాలంటే మంచి లోడ్ బ్యాలెన్సింగ్. కానీ వరుస ఇంజన్ పొడుగు ఎక్కువ. అందుకే మూడు మూడుగా వీ ఆకారంలో పెడితే వీ6 అవుతుంది. ఇది పొట్టిగా ఉండి చిన్న బానెట్ కింద కూడా పడుతుంది. కాకపోతే సిలిండర్ హెడ్‌లు రెండు, గ్యాస్కెట్లూ రెండు. అడ్డంగా బిగించిన కారులో వెనక వరుస ప్లగ్గులు తీయాలంటే మెకానిక్‌కి చుక్కలు కనిపిస్తాయి.

స్పెసిఫికేషన్లు చదవడం కూడా కష్టం కాదు. కార్ల పిచ్చి ఉన్న అందరికీ తెలిసిన టయోటా 2జేజడ్ తీసుకోండి. బోర్ 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ కూడా 86. లెక్క వేస్తే ఒక్కో సిలిండర్ దాదాపు 500 సీసీ, మొత్తం 2,997 సీసీ. అంటే అందులో ఒక్క సిలిండరే మన బుల్లెట్ 350 ఇంజన్ కంటే పెద్దది! బ్లాకు పోత ఇనుముది, గట్టి పిండం. అందుకే దానికి అంత పేరు.

ఇవన్నీ నాకు అప్పటికే నోటికొచ్చు. మా బాబాయ్‌కి రోజూ క్లాసు పీకేవాణ్ణి.

నేను చేసిన పని

రెండో వారంలో చూస్తే కూలెంట్ ట్యాంకులో లెవెల్ మినిమం గీత కింద ఉంది. ఇంట్లో బోరు నీళ్లు ఒక బాటిల్ పోశా. నాలుగు రోజులకి మళ్లీ తగ్గింది, మళ్లీ పోశా. అలా ఐదారు సార్లు. ఎక్కడికి పోతోంది అని ఒక్కసారి కూడా అనుకోలేదు. కోడ్‌లో ఎర్రర్ వస్తే, ఎందుకొచ్చిందో చూడకుండా దాన్ని దాచేసి ముందుకు పోతామే, సరిగ్గా అదే పని.

ఆ నెలాఖరులో మాచర్లలో పెళ్లి. మే నెల, మిట్టమధ్యాహ్నం. రెంటచింతల దాటాక టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. ఆంధ్రాలో ఎండల వార్త రాస్తే రెంటచింతల పేరు ఉండాల్సిందే, అలాంటి చోటు అది. "ఎండకి అట్టానే ఉంటదిలే, బంకు దాకా పోదాం" అన్నాడు బాబాయ్. ఆ నాలుగు కిలోమీటర్లే కొంప ముంచాయి. ఇంజన్ ఆగింది, బానెట్ కింద నుంచి ఆవిరి.

పెట్రోల్ కాల్చిన వేడిలో సుమారు మూడో వంతు కూలెంట్ ద్వారానే బయటికి పోవాలి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, మంచి ప్రెషర్ క్యాప్ ఉంటే 120 డిగ్రీలకి కూడా మరగదు. ఉత్త నీళ్లు కలిపేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది, తుప్పు పట్టకుండా ఆపే మందు కూడా పలచబడుతుంది. పైగా అవి మా నీళ్లు. దాచేపల్లి నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీలు మీకు తెలిసే ఉంటాయి. మా కింద ఉన్నదంతా సున్నపురాయే. ఆ రాయి కరిగిన నీళ్లని వేడి చేస్తే సున్నం మళ్లీ పొరలా పేరుకుంటుంది. హాస్టల్లో హీటర్ రాడ్ మీద తెల్లగా పట్టేది అదే. రేడియేటర్ సన్న గొట్టాల్లో ఆ పొర పడితే వేడి బయటికి పోదు.

మెకానిక్ అన్న ఇంజన్ విప్పి, స్క్రూ డ్రైవర్‌తో తెల్ల పొర గీకి చూపించి అడిగాడు. "దీంట్లో నీళ్లు ఎవరు పోశారు?"

"నేనే అన్నా."

"నువ్వొక్కడివే కాదులే, పాత ఓనరు కూడా ఇదే పని చేసినట్టున్నాడు. కానీ ఇది చూడు." వాటర్ పంపు కింద ఎండిపోయిన కూలెంట్ చార. అసలు లీకు అక్కడ. "తగ్గితే పొయ్యడం కాదు అబ్బాయ, ఎక్కడికి పోయిందో చూడాల."

ఒక గ్యాస్కెట్ పోయింది, అల్యూమినియం హెడ్ వంగింది. ఇంజన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారింది, అంటే నీళ్లు అందులోకీ వెళ్లాయి. హెడ్ ఫేసింగ్, గ్యాస్కెట్లు, పంపు, రేడియేటర్ అన్నీ కలిపి బిల్లు లక్ష దాటింది. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మీ ఇంట్లో ఏ కారున్నా ఇవి చూడండి

కూలెంట్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి, కలపాలంటే డిస్టిల్డ్ వాటరే. దారిలో గత్యంతరం లేక మామూలు నీళ్లు పోస్తే, తర్వాత మొత్తం తీసేసి ఫ్లష్ చేయించాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మొహం కాలుతుంది.

ముల్లు లేస్తే వెంటనే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయాలి. బంకు దాకా అనొద్దు.

టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే కిలోమీటర్లతో పాటు దాని వయసు కూడా చూడాలి. 2000ల నాటి కొన్ని హోండా వీ6ల అమెరికా మాన్యువల్‌లో బెల్ట్ మామూలుగా 1,05,000 మైళ్లకి మార్చమని ఉంటుంది, 43 డిగ్రీలు దాటే చోట ఎక్కువ తిరిగితే 60,000 మైళ్లకే. మాకు మే నెలలో 43 అంటే మామూలే. బెల్ట్ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. బెల్టుతో తిరిగే వాటర్ పంపు అయితే దాన్ని కూడా అప్పుడే మార్పిస్తే రెండోసారి విప్పే ఖర్చు తప్పుతుంది.

సిమెంట్ లారీల దుమ్ములో తిరిగే కారుకి ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మాన్యువల్ గడువు కంటే ముందే మార్చాలి.

ఈ ఇంజన్లు మొండివే, సరిగ్గా చూసుకుంటే మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినవీ ఉన్నాయి. కానీ ఆ మొండితనం సరైన నీళ్లు, ఆయిల్ ఉన్నంతవరకే. హార్స్ పవర్ గురించి నేను గంట మాట్లాడగలను, కానీ ఆ కారుకి కావాల్సింది ఒక డబ్బా కూలెంట్, కాస్త అనుమానం.

ఆ కారు ఇప్పటికీ తిరుగుతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం బాబాయ్ నాకు వాట్సాప్‌లో కూలెంట్ ట్యాంకు ఫొటో పెడతాడు. కింద మెసేజ్ ఏమీ ఉండదు. నేను జూమ్ చేసి గీత చూసి, "ఓకే బాబాయ్" అని పెడతాను.