కీళ్లవాతం ఇంజెక్షన్ వెనక చిట్టెలుక

మన సంఘం ఇళ్లలో కీళ్లవాతంతో బాధపడేవాళ్లు తక్కువేమీ కాదు. మాత్రలకు లొంగకపోతే డాక్టర్లు 'బయలాజిక్ ఇంజెక్షన్' అంటారు. "అది ఎలుకల నుంచి తీసిన మందట, వేయించుకోవచ్చా?" అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. నేను డాక్టరును కాను, గుమస్తాగా రిటైరైనవాణ్ని. చదివి తెలుసుకున్నది చెబుతాను.

ఆగని కబురు

ఒంట్లోకి క్రిమి చేరితే రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు మోసే ప్రోటీన్లే సైటోకైన్లు. టీఎన్ఎఫ్ వాటిలో ఒకటి. వాపు తెప్పించి, మిగతా కణాలను సాయానికి పిలవడం దాని పని. క్రిమి పోయాక ఈ పిలుపు ఆగాలి. రుమటాయిడ్ కీళ్లవాతంలో ఆగదు. శత్రువు లేకపోయినా సైన్యం సొంత కీళ్ల మీద పడుతుంది.

టీఎన్ఎఫ్‌ను పట్టుకుని ఆపడానికి యాంటీబాడీ కావాలి. మన ఒళ్లు సాధారణంగా తన సొంత ప్రోటీన్ మీద యాంటీబాడీ తయారుచేయదు. చిట్టెలుకకు మాత్రం మనిషి టీఎన్ఎఫ్ పరాయి వస్తువు.

తయారీ ఇలా

పాముకాటు మందు సంగతి మనకు తెలుసు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తం నుంచి యాంటీబాడీలు తీస్తారు. అందులో రకరకాలవి కలిసి ఉంటాయి. ఇక్కడ కావలసింది ఒకే రకం.

శుద్ధి చేసిన మనిషి టీఎన్ఎఫ్‌ను చిట్టెలుకకు కొన్ని వారాలపాటు విడతలుగా ఎక్కిస్తారు. తర్వాత దాన్ని చంపి ప్లీహం తీసి, అందులోని యాంటీబాడీ కణాలను చావులేని క్యాన్సర్ కణాలతో కలుపుతారు. పుట్టిన జంట కణాలను విడివిడిగా పెంచి, టీఎన్ఎఫ్‌ను నిజంగా ఆపేదాన్ని ఏరుకుంటారు. ఈ పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. 1984లో నోబెల్ అందుకున్నారు.

అయితే ఎలుక యాంటీబాడీని అలాగే ఎక్కిస్తే మన ఒళ్లు దాన్నీ పరాయిదనుకుంటుంది. అందుకే న్యూయార్క్‌లో విల్చెక్ బృందం తీసిన యాంటీబాడీలో టీఎన్ఎఫ్‌ను పట్టే భాగం మాత్రం ఎలుకది ఉంచి, మిగతా ముప్పాతిక వంతు మనిషిది చేశారు. అదే ఇన్‌ఫ్లిక్సిమాబ్. 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ దాన్ని కీళ్లవాత రోగులకు ఇచ్చి చూశారు. 1999లో అమెరికా ఈ జబ్బుకు అనుమతించింది. దాన్ని మెతోట్రెక్సేట్ మాత్రతో కలిపి ఇస్తారు. ఆ మాత్ర, భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి లెడర్లీ బృందం నుంచి వచ్చిందే.

ఇప్పుడు ప్రతి డోసుకూ ఎలుకను చంపరు. ఎంపిక చేసిన కణాలను ట్యాంకుల్లో పెంచి మందు తీస్తారు. 2002లో అనుమతి పొందిన అడాలిముమాబ్ పూర్తిగా మనిషి తరహా యాంటీబాడీ. దానికి సరిసమానమైన మందును అహ్మదాబాద్ జైడస్ 2014లో మన దేశంలోనే తెచ్చింది.

దాచకూడని మాట

అసలు భయపడాల్సింది ఎలుకకు కాదు, క్షయకు. పాత టీబీ క్రిములను ఊపిరితిత్తుల్లో గోడ కట్టి బంధించడానికి టీఎన్ఎఫ్ కావాలి. దాన్ని ఆపితే గోడ కూలవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 70 మందికి టీబీ బయటపడిన సంగతి 2001లోనే అచ్చయింది. అందుకే ఇంజెక్షన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేస్తారు.

డాక్టరు తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా, "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అన్న ప్రశ్న సరిగా అర్థం చేసుకోండి. భాష అందకపోతే పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. తాతగారికి ఎప్పుడో వచ్చి తగ్గినా సరే, పరువు అనుకోకుండా చెప్పండి. మందు మొదలయ్యాక తగ్గని దగ్గు, సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకండి.