కారులోని పసుపు దీపము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతులలో పెట్రోలు కారులుగలవారు నేడు పలువురున్నారు. ముందు పలకపై ఇంజను బొమ్మ పసుపువన్నెతో వెలిగినపుడు ఏమి చేయవలెనో మేమిచట సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

తూకములో ఒక పాలు పెట్రోలునకు గాలి సుమారు 14.7 పాళ్లుండవలెను. గాలి హెచ్చినను, పెట్రోలు తగ్గినను మిశ్రమము పలుచనగును. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు దీనిని కనిపెట్టగా, కంప్యూటరు పెట్రోలును పెంచి సరిదిద్దజూచును. హద్దు దాటినచో దీపమును వెలిగించి, సాధారణముగా పి0171 అను గుర్తును వ్రాసికొనును.

ఇది రోగలక్షణమే కాని రోగము కాదు. కొబ్బరియాకు పసుపెక్కినంతనే ఎరువు చల్లక వేరును, నీటిని పరీక్షింతుము గదా! అట్లే సెన్సారును కొనుటకు తొందరపడరాదు.

నిలిచి తిరుగునపుడు దోషము హెచ్చి, వేగము పెంచగా తగ్గినచో, చీలిన రబ్బరు గొట్టముగుండా గాలి దొంగదారిని చొరబడుచున్నదని అనుమానింపవలెను. బుసబుసమను చప్పుడును వినవచ్చును. వంతెన ఎక్కునపుడు బలము తగ్గినచో పెట్రోలు వడపోతను, పంపు ఒత్తిడిని పరీక్షింపవలెను. గాలిని కొలుచు సెన్సారు మలినమైనచో దానికై అమ్ము ద్రవముతోనే కడుగవలెను. సెన్సారునకు ముందు పొగగొట్టము చిల్లిపడినను తప్పుడు గుర్తు రావచ్చును.

గుర్తును వ్రాసికొనక తుడిపింపరాదు. దీపము మిణుకుమిణుకుమన్నచో బండిని వెంటనే క్షేమమైన చోట నిలుపవలెను. అట్లే నడపినచో పొగను శుద్ధిచేయు విలువగల భాగము చెడును. కారణమెరిగిన పిమ్మటనే సొమ్ము వెచ్చింపుడు.