కోడింగ్‌.. కంది ధరతో మొదలుపెట్టండి!

వారం పది రోజుల్లో మళ్లీ హైదరాబాద్‌ వెళ్లిపోతాం అనుకుని 2020 మార్చిలో చాలామంది హాస్టల్‌ ఖాళీ చేసి వచ్చారు. జూన్‌ వచ్చినా ఊళ్లోనే ఉండిపోయారు. ఆఫర్‌ లెటర్‌ ఉన్నవాళ్లకు జాయినింగ్‌ ఎప్పుడో తెలీలేదు. లేనివాళ్లకు ప్లేస్‌మెంట్‌ డ్రైవ్‌ ఎప్పుడో తెలీలేదు. ఆన్‌లైన్‌ కోర్సుల సర్టిఫికెట్లు మీరూ బాగానే పోగేసి ఉంటారు. వాటిని కాసేపు పక్కన పెట్టండి. మీరు సొంతంగా రాసి, ఎవరో ఒకరు నిజంగా వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ ఒక్కటైనా ఉందా? చిన్నదైనా ఫర్వాలేదు. వీడియో ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి సరుకు అందులోనే దొరుకుతుంది.

మన వికారాబాద్‌ వైపు క్వారంటైన్‌ అనే మాట ఇంటింటికీ తెలిసింది అనంతగిరి గుట్ట మీది హరిత రిసార్ట్‌ వల్లే. 2020 మార్చిలో విదేశాల నుంచి వచ్చినవాళ్లను అక్కడ ఉంచారు. ఆ రోజుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఇవాళ ఎన్ని కేసులు? మన జిల్లాలో ఎన్ని? దానికి జవాబు కోసం చాలామంది తెరిచిన సైట్‌ కొవిడ్‌19ఇండియా డాట్‌ ఆర్గ్‌. అది ప్రభుత్వానిది కాదు, ఏ కంపెనీదీ కాదు. వలంటీర్లు నడిపింది. రాష్ట్రాలు విడుదల చేసే బులెటిన్లు చూసి, సరిచూసుకుని, గూగుల్‌ షీట్‌లో ఎక్కించేవారు. ఆ షీట్‌ నుంచి జేసన్‌ ఫైళ్లు తయారయ్యేవి. వెబ్‌సైట్‌ వాటిని చదివి చూపించేది. కోడ్‌ మొత్తం గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. దేశమంతా చూసిన ఆ సైట్‌ వెనక ఉన్నది మీకు కాలేజీలో పరిచయమైన పనిముట్లే.

అలాగని మీరు ఇంకో కరోనా ట్రాకర్‌ చేయకండి. గిట్‌హబ్‌లో ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. యూట్యూబ్‌ చూసి చేసిన నెట్‌ఫ్లిక్స్‌ క్లోన్‌ సంగతీ అంతే. అది ఎందుకు చేశావంటే ఏం చెప్తారు?

మీ ఇంట్లోవాళ్లకు అవసరమైనదేంటో చూడండి. మీది తాండూరు దగ్గర పల్లె అనుకుందాం. తాండూరు కందిపప్పు పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 వానాకాలంలో మొక్కజొన్న బదులు కంది వేయమని ప్రభుత్వం కూడా చెప్పింది. కేంద్రం 2020 జూన్‌ 1న కంది మద్దతు ధర క్వింటాలుకు 6,000 రూపాయలుగా ప్రకటించింది. అంతకుముందు ఏడాది 5,800. మరి యార్డులో నిజంగా ఎంత పలుకుతోంది? మార్కెట్‌ యార్డుల రోజువారీ ధరలను అగ్‌మార్క్‌నెట్‌ అనే ప్రభుత్వ సైట్‌లో పెడతారు. ప్రభుత్వ ఓపెన్‌ డేటా పోర్టల్‌లో రిజిస్టర్‌ చేసుకుంటే అదే సమాచారం ఏపీఐ ద్వారా ఉచితంగా తీసుకోవచ్చు. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్‌ ధర అని మూడుంటాయి. ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధరే మోడల్‌ ధర. రోజుకోసారి తాండూరు కంది ధర తెచ్చి, ఎస్‌క్యూలైట్‌లో దాచి, మద్దతు ధరకు ఎంత ఎక్కువో తక్కువో చెప్పే పైథాన్‌ స్క్రిప్టు రాయండి. వంద లైన్లు దాటదు.

మొదటి వెర్షన్‌కు యాప్‌ అక్కర్లేదు. పొద్దున ఛాయ్‌ తాగేటప్పుడు నాన్నకు మీరే చదివి వినిపించండి. ఆయన ఊరుకోరు. ‘‘వారం కింద ఎంతుండె?’’ అంటారు. ‘‘గుల్బర్గాల ఎంత నడుస్తుంది?’’ అంటారు. అదే మీ రెండో వెర్షన్‌. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. గుల్బర్గా 2014లో కలబురగి అయింది కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి, స్పెల్లింగులూ చూసుకోవాలి. యార్డు సెలవు రోజు డేటా రాదు. అప్పుడు సున్నా చూపిస్తారా, నిన్నటి ధర చూపిస్తారా? నిన్నటిది చూపిస్తే అది నిన్నటిదని ఎలా చెప్తారు? ఏదో రోజు ఒక సున్నా ఎక్కువ పడి ధర 58,000 అని వస్తే మీ ప్రోగ్రాం గుర్తుపడుతుందా? పక్కింటి పెద్దనాన్న దగ్గర బటన్‌ ఫోనే ఉంది, టెలిగ్రామ్‌ బాట్‌ ఆయనకు పనికిరాదు. ఆయనకెలా చేరవేస్తారు? ఈ ప్రశ్నలు ఏ సిలబస్‌లోనూ ఉండవు. ఉద్యోగంలో మాత్రం రోజూ ఎదురవుతాయి. అందుకే ఇంటర్వ్యూ చేసేవాళ్లు వీటి దగ్గరే ఆగి వింటారు.

ఇంకో వెసులుబాటు ఉంది. జూన్‌ అంటే విత్తే రోజులు. కొత్త కంది యార్డుకు వచ్చేసరికి ఎలాగూ డిసెంబరు దాటుతుంది. అప్పటిదాకా పాత డేటాతో పరీక్షించుకోవచ్చు. ఈలోపు ఉద్యోగం వచ్చినా స్క్రిప్టు దాని పని అది చేసుకుపోతుంది.

‘ఇంత చిన్నది రెజ్యూమెలో పెడితే నవ్వరా’ అని మొహమాటపడేవాళ్లకు ఒక సంగతి. మీరు వాడే పైథానే 1989 డిసెంబరులో, క్రిస్మస్‌ సెలవుల్లో ఆఫీసు మూసి ఉంటే కాలక్షేపంగా గైడో వాన్‌ రోసమ్‌ మొదలుపెట్టింది.

ఊళ్లో సిగ్నల్‌ సమస్య నాకు తెలియనిది కాదు. గుట్ట ఎక్కితే తప్ప నెట్‌ రాని పల్లెలు మనవైపు ఉన్నాయి. గిట్‌ వాడితే కోడ్‌ అంతా ఆఫ్‌లైన్‌లోనే రాసుకుని, సిగ్నల్‌ దొరికినప్పుడు ఒక్కసారి పుష్‌ చేస్తే చాలు. పెద్ద కోడ్‌ చదవడం అలవాటు కావాలంటే ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్‌ కోడ్‌ను 2020 మే 26న ఓపెన్‌ సోర్స్‌ చేశారు, ఒకసారి డౌన్‌లోడ్‌ చేసి పెట్టుకోండి. లాప్‌టాప్‌ లేనివాళ్లు ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో టెర్మక్స్‌ వేసుకుంటే పైథాన్‌, గిట్‌ రెండూ నడుస్తాయి. చిన్న తెర మీద టైపింగ్‌ విసుగే. పాత యూఎస్‌బీ కీబోర్డు ఇంట్లో ఉంటే ఓటీజీ కేబుల్‌తో చాలా ఫోన్లకు తగిలించొచ్చు. ప్రాజెక్టుకు రీడ్‌మీ తప్పకుండా రాయండి. ఏం చేస్తుంది, ఎవరు వాడుతున్నారు, ఇంకా ఏం చేతకావడం లేదు.. ఈ మూడూ పది వాక్యాల్లో ఉంటే సరిపోతుంది. ‘మా నాన్న, మరో ఇద్దరు రైతులు’ అని ఉన్నా దాచకండి, అలాగే రాయండి.