కారణం చెప్పని భయం

కోవిల్‌పట్టి, విరుదునగరు వైపు మన ఇళ్ళల్లో అవ్వ కథ చెబుతుంటే పిల్లలు "ఎందుకవ్వా?" అని అడ్డు తగులుతారు. జవాబు దొరికితే సగం భయం పోతుంది. 1963లో హిచ్‌కాక్ తీసిన 'ది బర్డ్స్' ఆ జవాబే ఇవ్వదు. బొడేగా బే అనే ఊరిమీద పక్షులు విరుచుకుపడతాయి. పక్షిశాస్త్రం తెలిసిన పెద్దావిడ పక్షులు అలా చెయ్యవంటుంది, తాగుబోతు ప్రళయమంటాడు. ఎవరి మాటా తేలదు. నేపథ్య సంగీతం లేదు, రెక్కల చప్పుడూ అరుపులే. చివర 'సమాప్తం' అని కూడా వెయ్యలేదు.

1961లో కాలిఫోర్నియాలోని కాపిటోలాలో సముద్రపక్షులు నిజంగానే ఇళ్ళకు వచ్చి కొట్టుకున్నాయి. కంటికి కనబడని సముద్రపు నాచులోని విషమే కారణమై ఉంటుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం తరువాత చెప్పారు. ఆ సంగతి అప్పుడే తెలిసి, సినిమాలో పెట్టి ఉంటే? మనం మందు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు బడి వేపచెట్టుమీద కాకులు గుమిగూడితే, పాఠం చెబుతున్న నేనే కిటికీవైపు ఒకసారి చూస్తాను.