ముఖము కానరాని సంభాషణము: బహిరంగ సందేశ సాఫ్ట్‌వేరులో భావప్రకటన

పాంచాలంకురిచ్చి పాళెగాడైన వీరపాండ్య కట్టబొమ్మన పేరు ఎరుగనివారు అరుదు. తెలుగు మాతృభాషగా గల ఆ వంశమునందే పుట్టిన ఆతని తమ్ముడు ఊమైదొరను గూర్చి ఎరిగినవారు అంతకంటె తక్కువ. తమిళమున 'ఊమై' యనగా మూగ. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో అన్న ఉరితీయబడెను. 1801 ఫిబ్రవరిలో ఊమైదొర పాళయంకోట చెరనుండి తప్పించుకొని వచ్చి, ఆంగ్లేయులు పడగొట్టించిన కోటను మరల కట్టించెను. ఆ యుద్ధమున ఎదిరిపక్షమున నుండిన సైనికాధికారి జేమ్సు వెల్షు 1830లో ప్రకటించిన తన స్మృతులలో ఒక విశేషమును వర్ణించినాడు. ఊమైదొర కొన్ని గడ్డిపరకలను అరచేత పేర్చునట, అవి ఆంగ్లసేన. రెండవ చేతితో వానిని తుడిచివేయుచు నోట రివ్వుమను ధ్వని చేయునట. అది దాడికి ఆనతి. ఆ సంజ్ఞను అనుచరులు తక్షణమే గ్రహించెడివారు.

సంజ్ఞయొక్క బలము దాని ఆకారమున లేదు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని గల ఉమ్మడి ఎరుకలో నున్నది. నేటి సెల్‌ఫోను సందేశములను రూపొందించువారు మొదట గుర్తింపవలసిన సూత్ర మిదియే.

ఎదురెదురుగా మాటలాడునపుడు కంఠస్వరము, కనుబొమ, చేయి అర్థమును పూరించును. వ్రాతలో అవి యుండవు. ఈ లోపమును తీర్చుటకై 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్కాట్ ఫాల్మన్, విరామచిహ్నములను కూర్చి పరిహాసమునకు నవ్వుముఖమును గుర్తుగా వాడవచ్చునని సూచించెను. 1999లో జపానులో షిగేటకా కురిటా డొకొమో సెల్‌ఫోనుల కొరకు 176 చిన్న చిత్రములను రూపొందించెను. 2010లో యూనికోడ్ 6.0 నందు ఎమోజీలు పెద్దసంఖ్యలో చేరి, ప్రపంచమునకెల్ల ఉమ్మడి యయ్యెను. అయినను ఉమ్మడి చిత్రమునకు ఉమ్మడి అర్థము లేదు. జోడించిన చేతుల చిత్రము తెలుగువానికి నమస్కారము, కొందరికది ప్రార్థన, జపానువారికి కృతజ్ఞత లేదా వేడికోలు.

సందేశ సాఫ్ట్‌వేరు రెండు విధములు. మొదటిది ఒక కంపెనీ అధీనమున నుండును. అందేమి చేర్చవలెనో ఆ కంపెనీయే నిర్ణయించును. రెండవది బహిరంగము; దాని నియమావళి అందరికి వెల్లడియై యుండును, దాని నాధారముగా ఎవరైనను సాఫ్ట్‌వేరు వ్రాయవచ్చును. 1999లో 'జాబర్' పేర ప్రకటితమై, 2004లో ఇంటర్‌నెట్ ప్రమాణముగా వెలువడిన ఎక్స్.ఎం.పి.పి. నియమావళి ఇట్టిది.

దీని అనుబంధములలో నొకటి వ్రాయువాని మనఃస్థితిని తెలుపుటకై ఏర్పడినది. అందు ఎనుబదికి పైగా ఆంగ్లపదములు కలవు. తంతిపై పోవునది ఆ ఆంగ్లనామమే. తెరపై మాత్రము దానిని చదువరి భాషలో చూపవచ్చును. చిక్కు అచ్చటనే మొదలగును. షై, ఎంబరాస్డ్, అషేమ్డ్ అను మూడు పదములకు వాడుకలో మనకు తరచుగా 'సిగ్గు' అను నొక్క మాటయే వచ్చును. భరతుని నాట్యశాస్త్రము ముప్పదిమూడు వ్యభిచారి భావములను లెక్కించి, అందు 'వ్రీడ'ను ప్రత్యేకముగా చెప్పినది. కావున మన సంప్రదాయమున సూక్ష్మభేదములు లేవనరాదు. కోశములో నున్న మాట నోట లేకపోవుటయే చిక్కు. ఇక 'అలక'కు ఆ పట్టికలో చోటే లేదు. అలక కోపము కాదు, దుఃఖము కాదు. తనను బుజ్జగించుదురను నమ్మకముతో కూడిన కినుక. అది లేని పట్టిక తెలుగింటికి చాలదు. అయితే ఆ నియమమే విశేష భావములను చేర్చుకొనుటకు అనుమతి నిచ్చుచున్నది. బహిరంగత వలని లాభ మిదియే: లేనిదానిని అడుగుకొన నక్కరలేదు, చేర్చుకొనవచ్చును.

మరియొక అనుబంధము, వచ్చిన సందేశమునకు చిన్న చిత్రముతో బదులు పలుకుటకు వీలు కల్పించినది. కథ చెప్పువానికి వినువాడు 'ఊఁ' కొట్టుట వంటి దిది. ఊఁ కొట్టువాడు లేనిదే మనయింట కథ సాగదు.

వీనికంటెను ముందు ఒక ప్రశ్న కలదు: మాట ఏ లిపిలో పోవుచున్నది? కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము. వారి పిల్లల చదువు మిక్కిలిగా తమిళముననే సాగును. 2006 నాటి చట్టము తమిళమును పాఠశాలలలో 1వ తరగతి మొదలు క్రమముగా నిర్బంధ పాఠ్యభాష గావించినది. తెలుగు లిపి నేర్వని బిడ్డ తన తెలుగును తమిళాక్షరములలోనో ఆంగ్లాక్షరములలోనో కూర్చుకొనవలసివచ్చును. తమిళ లిపిలో క-గ లకు ఒక్కటే అక్షరము. కనుక 'కొడుకు' 'గొడుగు' ఒకే రూపమున పడును. కకారమును ద్విత్వము చేసిన 'కొడుక్కు' అగును. ఆంగ్లాక్షరములలో 'మాట', 'మాత' ఒక్కటిగా కనబడును. మాటయే తెలియనిచోట దానిపై ఎన్ని చిత్రములు పెట్టిన నేమి?

లిపిని సాఫ్ట్‌వేరు సరిగా మోయగలుగుటయు ముఖ్యమే. 2018 ఫిబ్రవరిలో జకార ఞకారములు కూడిన ఒక తెలుగు అక్షరక్రమము తెరపై చూపబోగానే ఆపిల్ ఫోనులలోని సందేశ సాఫ్ట్‌వేరులు నిలిచిపోయెను. 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 వెలువడి ఆ దోషమును సవరించినది. బహిరంగ సాఫ్ట్‌వేరులోను దోషములు పుట్టును. కాని తెలుగెరిగినవాడు దానిని తెరచి చూచి, తానే దిద్ది పంపుటకు అందు వీలుండును.

కావున ఇట్టి సాఫ్ట్‌వేరును తెలుగువారికై తీర్చువారు మూడు విషయములు పాటింపవలెను. ఒకటి, తెలుగు లిపిలో టైపు చేయుట బాలురకు సుకరము కావలెను. తమిళమాధ్యమమున చదువు బిడ్డకు తమిళాక్షరము పక్కన దానికి సరియగు తెలుగు అక్షరములను చూపు కీబోర్డు మేలు. రెండు, ప్రతి స్టిక్కరు వెంట దాని భావమును తెలుపు తెలుగుమాట పోవలెను; బొమ్మను చూపలేని ఫోనులో ఆ మాట కనబడును, చూపులేనివారికి వినబడును. మూడు, భావముల పట్టికను ఆ ప్రాంతపు పెద్దల పలుకుబడి నుండి సేకరింపవలెను; ఆంగ్లపట్టికను తెనిగించి ఊరకుండరాదు.

అవ్వ నోట అలక విని పెరిగిన బిడ్డకు దానిని వ్రాయుటకు చోటు లేకున్న, ఆ మాట అవ్వతోనే పోవును. గడ్డిపరకలతో సేనను నడిపిన మూగవానికి కావలసినది గొప్ప పరికరము కాదు. తన సంజ్ఞ నెరిగిన జనము. ఆ జనమును నిలుపుకొనుట సాఫ్ట్‌వేరు పనియే కాదు, ఇంటివారి పనియు, బడివారి పనియు.